కొబ్బరికాయ కొట్టినంత మాత్రాన కమిషనింగ్ కాదు

ఏటా మార్చి నెల వచ్చేసరికి మన కార్యాలయాల కప్పుల మీదికి హఠాత్తుగా నిచ్చెనలు లేస్తాయి. ఏడాది పొడుగునా కదలని ఫైళ్ళు మార్చి 31వ తేదీలోగా గమ్యం చేరి తీరవలెనని పరుగులు తీస్తాయి. లారీలలో సోలార్ పలకలు దిగుతాయి. గోడకు ఇన్వర్టరు ఎక్కుతుంది. ఒక అధికారి వస్తారు, కొబ్బరికాయ కొడతారు, మీట నొక్కుతారు, ఫొటో తీయించుకొని వెళతారు. మరునాటి నుండి ఆ స్టేషను, లేక ఆ పోస్టాఫీసు, సూర్యశక్తితో నడుస్తున్నదని నివేదికలకు ఎక్కుతుంది. ఆ సాయంత్రం అక్కడి ఉద్యోగి చేతికి ఒక కాగితం వస్తుంది. "పరీక్షించబడినది, సంతృప్తికరముగా ఉన్నది" అని దానిపై టైపు చేసి ఉంటుంది. కింద అతని పేరు కూడా టైపు చేసే ఉంటుంది. లోటు సంతకమొక్కటే.

ఆ సంతకాన్ని గురించియే మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సూర్యునికి మేము వ్యతిరేకులము కాము

సంఘం ఏ కొత్త యంత్రాన్ని గురించి ప్రశ్నించినా "వీరు ప్రగతికి అడ్డుపడుతున్నారు" అని నింద వేయటం అధికార వర్గానికి వాడుకే. కనుక ముందుగానే స్పష్టం చేయదలచుకున్నాము. ఊరికి దూరంగా, కరెంటు తీగ చేరని లెవెల్ క్రాసింగు గుమ్టీలో లాంతరు వెలుగున రాత్రి డ్యూటీలు చేసిన గేట్‌మన్‌కు సోలార్ దీపం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. 2017 డిసెంబరులో ప్రారంభమైన దర్పణ్ పథకం 1,29,000కు పైబడిన బ్రాంచి పోస్టాఫీసులకు సౌరశక్తితో ఛార్జి అయ్యే చేతి పరికరాన్ని ఉద్దేశించినది. కరెంటు నమ్మకం లేని పల్లెలో ఆ ఆలోచన సరియైనదే. 2020లో మధ్యప్రదేశ్‌లోని బీనా వద్ద 1.7 మెగావాట్ల సోలార్ కేంద్రం నుండి నేరుగా 25,000 వోల్టుల ట్రాక్షన్ తీగకు విద్యుత్తును అందించే ఏర్పాటును రైల్వే శాఖ, ప్రభుత్వరంగ సంస్థయైన భెల్ కలిసి నిర్మించినవి. అది మనకందరికీ గర్వకారణమే.

మా తగవు సూర్యునితో కాదు, ఇన్వర్టరుతో కాదు. పరీక్ష చేయకుండా పరీక్ష చేసినట్లు వ్రాయించుకొనే పద్ధతితోనే మా తగవు.

పరీక్ష మనకు కొత్త విద్య కాదు

కొత్త లైను వేసిన తరువాత మంత్రిగారు పచ్చజెండా పట్టుకొని సిద్ధంగా నిలబడినా, రైల్వే భద్రతా కమిషనరు తనిఖీ చేసి అనుమతించనిదే దానిపై ప్రయాణీకుల బండి కదలదు. సిగ్నల్ మెయింటైనరు పాయింటు మీద చేయి వేయాలంటే స్టేషను మాస్టరుకు డిస్కనెక్షన్ మెమో ఇవ్వాలి. పని ముగించి, పరీక్షించి, రీకనెక్షన్ మెమో ఇచ్చేవరకు ఆ పాయింటు పనిచేస్తున్నట్లు లెక్క కాదు. ట్రాక్షన్ తీగ దగ్గర పనిచేసే సోదరునికి "కరెంటు తీసేశారట" అన్న మాట చాలదు. పవర్ బ్లాకు రావాలి, ప్రైవేటు నంబరు రావాలి, అటూ ఇటూ డిశ్చార్జి రాడ్లు తగిలించాలి. అప్పుడే నిచ్చెన ఎక్కుతాడు.

తపాలా ఉద్యోగి మాత్రం తక్కువా? సీలు చెదిరిన సంచిని ఒంటరిగా తెరవడు. నగదు లెక్కించనిదే రసీదు వ్రాయడు. చార్జి అప్పగించేటప్పుడు పది పైసల స్టాంపు సైతం లెక్కకు తేలాలి.

ఇంతటి క్రమశిక్షణ నేర్చిన శాఖలలో, 1,000 వోల్టుల వరకు డి.సి. విద్యుత్తు ప్రవహించే ఏర్పాటును గోడకు బిగించి కొబ్బరికాయతో సరిపెట్టటం ఎట్లు సాధ్యమైనది? అది కాంట్రాక్టరు పని గనుక సాధ్యమైనది. కాంట్రాక్టరు బిల్లు కమిషనింగ్ కాగితం మీద ఆధారపడి ఉన్నది గనుక సాధ్యమైనది. అధికారి లక్ష్యం కూడా ఆ కాగితం మీదనే ఆధారపడి ఉన్నది గనుక సాధ్యమైనది. ఇద్దరికీ కావలసినది కాగితమే. పరీక్ష కావలసినవాడు దాని పక్కన బతకవలసిన ఉద్యోగి ఒక్కడే.

ఒక స్టేషనులో జరిగినది

ఆ స్టేషను పేరు చెప్పము, ఎందుకంటే ఇది ఒక్క స్టేషను సంగతి కాదు. మార్చి చివరి వారంలో భవనం కప్పు మీద పలకలు బిగించినవారు ఇద్దరు కుర్రవాళ్ళు. కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, ఆ మేస్త్రీ తెచ్చిన కుర్రవాళ్ళు. నడుముకు తాడు లేదు, చేతికి తొడుగు లేదు. నాలుగు రోజుల్లో పని ముగిసినది. ప్రారంభోత్సవం జరిగినది.

కాగితం చేతికి వచ్చినప్పుడు అక్కడి ఎలక్ట్రికల్ టెక్నీషియను మూడు ప్రశ్నలు అడిగినాడు. మెగ్గర్ రీడింగు ఎంత? ఎర్త్ రీడింగు ఎంత? ఏ వరుసలో ఎన్ని పలకలు ఉన్నవో చూపే పటం ఎక్కడ? "అవన్నీ కంపెనీ పంపుతుంది, ముందు సంతకం పెట్టు" అన్నారు. అతడు సంతకం పెట్టినాడు. కాని దానికి పైన "నా సమక్షంలో ఏ పరీక్షా జరుగలేదు" అని స్వహస్తాలతో వ్రాసి మరీ పెట్టినాడు. పదిరోజులు తిరగకుండానే 11వ రూలు కింద చార్జిషీటు వచ్చినది. నేరము, శాఖా కార్యక్రమానికి ఆటంకం కలిగించుట.

జూన్‌లో మొదటి వాన పడినది. మరునాటి ఉదయం నుండి ఇన్వర్టరు ఎర్రదీపం చూపుతూ మొరాయించినది. కాంట్రాక్టరు మనిషి ఫోనులో చెప్పిన మందు ఒక్కటే, ఆపి మళ్ళీ వేయండి అని. ఎండ కాసిన తరువాత అది దానంతట అదే పనిచేసేది, కనుక ఎవరూ పట్టించుకోలేదు. వారం తరువాత కప్పు మీది నీటి తొట్టి శుభ్రం చేయటానికి ఎక్కిన సఫాయి కార్మికునికి పలక చట్రం తగిలి చేయి జిల్లుమన్నది. దైవవశాత్తు అతడు కప్పు అంచున లేడు.

అప్పుడు సంఘం పట్టుబట్టి ఉమ్మడి తనిఖీ జరిపించినది. మేము ఆ కప్పు మీద నిలబడి చూచినాము. ఒక కేబులు పలక చట్రానికీ ఇనుప కమ్మీకీ నడుమ నలిగి తొడుగు చిట్లినది. ఎర్త్ పట్టీని పెయింటు గీకకుండా పెయింటు మీదనే బిగించినారు. మెగ్గర్ పెట్టగా ఆ వరుస ఇన్సులేషన్ ఉండవలసినదానిలో పదోవంతు కూడా లేదు. ఈ రెండు లోపాలనూ కనిపెట్టటానికి మార్చిలో అరగంట చాలి ఉండేది. చార్జిషీటును చప్పుడు చేయకుండా ఎత్తివేసినారు. పరీక్షించబడినదని కాగితం టైపు చేయించినవారిని మాత్రం ఎవరూ ఏమీ అడుగలేదు.

కమిషనింగ్ అంటే ఏమిటి?

ప్రతి సభ్యుడూ ఇంజనీరు కానక్కరలేదు. కాని తాను సంతకం పెట్టే మాటకు అర్థం ప్రతి సభ్యునికీ తెలిసి ఉండాలి.

మొదటి సంగతి. ట్రాక్షన్ తీగకు బ్లాకు తీసుకొనవచ్చును. సూర్యునికి బ్లాకు తీసుకొనలేము. సూర్యుడు ఎవరికీ ప్రైవేటు నంబరు ఇవ్వడు. వెలుతురు ఉన్నంతసేపు పలకల తీగలలో వోల్టేజీ ఉంటుంది. ఇన్వర్టరు ఆపినంత మాత్రాన అది పోదు. స్విచ్చులు తీసిన తరువాత కూడా ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లలో కొన్ని నిమిషాలపాటు ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

రెండవ సంగతి. మన ఇళ్ళలోని ఎ.సి. విద్యుత్తు సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది. స్విచ్చు తీసినప్పుడు పుట్టిన మంట ఆ క్షణంలో ఆరిపోవటానికి వీలుంటుంది. డి.సి.కి ఆ సున్నా లేదు. ఒకసారి అంటుకున్న ఆర్క్ మండుతూనే ఉంటుంది. అందువలన డి.సి. వైపున ఎ.సి. బ్రేకరు బిగించటం పొదుపు కాదు, నిప్పు పెట్టటమే. వేరు వేరు కంపెనీల కనెక్టర్లను బలవంతాన ఒకదానిలో ఒకటి దూర్చటం కూడా అటువంటిదే.

మూడవది చలికాలపు సంగతి. పలక వోల్టేజీ చలిలో పెరుగుతుంది. 49 వోల్టుల పలకలు 20 ఒకే వరుసలో కలిపితే 25 డిగ్రీల వద్ద 980 వోల్టులు. ఇన్వర్టరు తట్టుకొనే పరిమితి 1,000 వోల్టులైతే మార్చిలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఆదిలాబాదు వంటి చోట జనవరి ఉదయాన ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోయినప్పుడు, డిగ్రీకి 0.3 శాతం చొప్పున పెరిగి, అదే వరుస 1,039 వోల్టులవుతుంది. మార్చిలో ఫొటో తీయించుకొన్నవారు ఆ జనవరి ఉదయాన అక్కడ ఉండరు.

ఇక పరీక్షల వరుస. ముందుగా ఇన్వర్టరు స్థానం చూడాలి. నేరుగా ఎండ, వాన పడని గోడ కావాలి, చుట్టూ గాలి ఆడాలి, బ్యాటరీల నెత్తిన ఉండరాదు. యాసిడ్ బ్యాటరీల నుండి వెలువడే హైడ్రోజన్ మండే వాయువు. తరువాత రెండు వైపుల స్విచ్చులూ తీసి ఉంచి, ప్రతి వరుసకూ ప్లస్, మైనస్ సరిగా ఉన్నవో లేవో, వోల్టేజీ లెక్క ప్రకారం ఉన్నదో లేదో కొలవాలి. 500 వోల్టులకు మించిన వరుసకు 1,000 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించాలి. కనీసం 1 మెగోమ్ రావాలి. ప్రతి చట్రమూ ఎర్త్‌తో కలిసి ఉన్నదని రుజువు కావాలి. ఎర్త్ రెసిస్టెన్సు 5 ఓమ్‌లకు మించరాదు. స్క్రూలన్నీ తయారీదారు చెప్పిన బిగువుకు బిగించినారా అని చూడాలి. ఇవన్నీ అయిన తరువాతనే, తయారీదారు చెప్పిన వరుసలో స్విచ్చులు వేయాలి.

అప్పటికీ పని ముగియదు. గ్రిడ్‌తో కలిసి నడిచే ఇన్వర్టరైతే, అది నడుస్తుండగా మెయిన్ స్విచ్చు తీసి చూడాలి. 2 సెకన్లలోపు ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలి. ఆగకపోతే, కరెంటు పోయిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్ మీదికి మన కప్పు మీది కరెంటు ఎదురు వెళుతుంది. ఆ లైన్‌మన్ కూడా కార్మికుడే, మన సోదరుడే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా సంతకం పెట్టటం ఎవరో తెలియని ఒక మనిషి ప్రాణం మీద సంతకం పెట్టటమే.

కరెంటు పోతే సూర్యుడు కూడా పోయినాడా?

ఈ భద్రతా ఏర్పాటులోనే తపాలా సోదరుల అవస్థకు మూలం ఉన్నది. బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టరు, కరెంటు పోయిన మరుక్షణం ఆగిపోతుంది. అది దాని లోపం కాదు, ధర్మం. కాని ఈ సంగతి కౌంటరులో కూర్చొనే పోస్టల్ అసిస్టెంటుకు ఎవరూ చెప్పరు. ఒక సబ్ పోస్టాఫీసులో మేము కళ్ళారా చూచినాము. గోడ మీద "సౌరశక్తితో నడుచు కార్యాలయము" అన్న బోర్డు ఉన్నది. బయట మండుటెండ. లోపల చీకటి, ఆగిన కంప్యూటర్లు, డబ్బు తీసుకొనటానికి వచ్చి కూర్చున్న ముసలివారు. "నెత్తిన అన్ని పలకలు పెట్టుకొని కరెంటు లేదంటావేమయ్యా?" అని వారు అడిగినదానికి ఆ ఉద్యోగి వద్ద జవాబు లేదు. జవాబు చెప్పవలసినవారు అక్కడ లేరు.

చిన్న లెక్క చూడండి. రెండు కంప్యూటర్లు, ప్రింటరు, ఫ్యాన్లు, దీపాలు కలిసి 600 వాట్లు అనుకొందాము. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు ఉంటే నిలవ 3.6 యూనిట్లు. యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయువు క్షీణిస్తుంది, కనుక 1.8 యూనిట్లు. ఇన్వర్టరు నష్టం పోగా 1.5 యూనిట్లు. అనగా రెండున్నర గంటలు. ఐదు గంటలు కరెంటు పోయే ఊరిలో ఈ ఏర్పాటు చాలదని చెప్పటానికి నిపుణుల సంఘం అక్కరలేదు, ఒక చిత్తుకాగితం చాలు. ఆ చిత్తుకాగితం వ్రాయటానికి ముందు ఆ ఆఫీసులో పనిచేసేవారిని ఒక్క మాట అడిగినవారు లేరు.

గ్రామీణ డాక్ సేవకుల స్థితి మరీ దయనీయం. బ్రాంచి పోస్టుమాస్టరుగా ఉన్న సోదరి తన సొంత వసారాలోనే ఆఫీసు నడుపుతుంది. సోలార్ పలకకు చోటు ఆమె ఇంటి కప్పే. గాలికి ఎగిరినా, కోతులు తీగ తెంపినా సంజాయిషీ అడిగేది ఆమెనే. జీతమని పిలవటానికి సైతం ఇష్టపడక టి.ఆర్.సి.ఎ. అని పేరు పెట్టి ఇచ్చే ఆ కొద్ది మొత్తం నుండి రికవరీ అన్న బెదిరింపు కూడా ఆమెకే.

అధికారుల వాదనలు, మా జవాబులు

"మన సిబ్బందికి ఈ నైపుణ్యం లేదు, కనుక కాంట్రాక్టరు తప్పడు" అన్నది మొదటి వాదన. చరిత్ర దీనిని ఒప్పుకొనదు. దేశంలో తొలి సోలార్ సెల్‌ను 1977లో, తొలి సోలార్ పలకను 1978లో తయారు చేసినది సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థ. రైల్వే సిగ్నలింగుకు యాక్సిల్ కౌంటర్లు తయారు చేసేదీ ఆ సంస్థే. 2021 నవంబరులో 210 కోట్ల రూపాయలకు దానిని ప్రైవేటు చేతికి అమ్మివేయటానికి ప్రభుత్వం సిద్ధపడగా, ఉద్యోగుల సంఘం న్యాయస్థానం గడప తొక్కినది; 2022లో ఆ అమ్మకం రద్దయినది. నైపుణ్యం ప్రభుత్వరంగంలో పుట్టినది. దానిని అమ్మజూచినవారే నేడు నైపుణ్యం లేదనటం విడ్డూరం. 25,000 వోల్టుల తీగను నిర్వహించే కార్మికునికి ఇన్వర్టరు నేర్పటానికి కొద్ది వారాల శిక్షణ చాలును. శిక్షణ ఇవ్వక, ఖాళీలు నింపక, ఆపైన చేతకానివారనటం కాళ్ళు కట్టివేసి పరుగెత్తమనటమే.

"వారంటీ ఉన్నది, కాంట్రాక్టరుదే బాధ్యత" అన్నది రెండవ వాదన. ఇన్వర్టరుకు సాధారణంగా లభించే వారంటీ 5 నుండి 10 ఏళ్ళు. స్టేషన్ల కప్పులను డెవలపర్లకు అప్పగించి వారి వద్దనే కరెంటు కొనే ఒప్పందాలు 25 ఏళ్ళవి. ఈ 25 ఏళ్ళలో ఎన్ని కంపెనీలు పేర్లు మార్చుకొంటాయో, ఎన్ని మూతపడతాయో ఎవరికి తెలుసు? ఆ కప్పు కింద ఉద్యోగి మాత్రం ఉంటాడు. పైగా ఇన్వర్టరు సెట్టింగులు మార్చే పాస్‌వర్డు కంపెనీ వద్దనే ఉంటున్నది. తాళం వారిది, ఇల్లు మనది, దొంగతనం జరిగితే సంజాయిషీ మనది!

"పరీక్షలంటూ కూర్చొంటే మార్చి 31 దాటిపోతుంది" అన్నది మూడవ వాదన. ఇది పైకి అనరు, కాని అసలు వాదన ఇదే. మేము చెప్పేది ఒక్కటే. సూర్యునికి ఆర్థిక సంవత్సరం లేదు. ఏప్రిల్‌లో కూడా ఉదయిస్తాడు.

మన తప్పు కూడా ఉన్నది

ఇతరులను వేలెత్తి చూపేటప్పుడు మనవైపు కూడా చూచుకొనాలి. చూడని పరీక్షకు సంతకాలు పెట్టినవారిలో మన సభ్యులు కూడా ఉన్నారు. "పెద్దాయన అడిగినాడు, ఎట్లా కాదంటాము?" అని కొందరు, "అందరూ పెడుతున్నారుగదా" అని కొందరు పెట్టినారు. బదిలీ భయంతో పెట్టినవారూ లేకపోలేదు. ఆ భయాన్ని మేము అర్థం చేసుకొనగలము. ఆ భయం పోగొట్టటమే సంఘం ఉన్నందుకు ప్రయోజనం. ఆ స్టేషను టెక్నీషియనుకు చార్జిషీటు వచ్చిన తొలి వారంలో అతని వెంట నిలబడినవారు ముగ్గురే. కప్పు మీద మనిషికి షాకు తగిలిన తరువాత గాని మిగిలినవారు రాలేదు. ఈ ఆలస్యానికి మేము సిగ్గుపడుతున్నాము.

కప్పు మీద తాడు లేకుండా నడిచిన ఆ ఇద్దరు కుర్రవాళ్ళను "కాంట్రాక్టరు మనుషులు" అని చూచీ చూడనట్లు ఊరుకొన్నవారమూ మనమే. పోరాటం వారి మీద కాదు, వారి కోసం కూడాను.

మా డిమాండ్లు

1. పైన చెప్పిన పరీక్షలన్నీ స్థానిక సిబ్బంది సమక్షంలో జరగాలి. కొలతలు అంకెలలో వ్రాయాలి. "సంతృప్తికరము" అన్న ఒక్క మాటతో ఏ ఇన్వర్టరునూ కమిషన్ చేయరాదు.

2. చూడని పరీక్షకు సంతకం పెట్ట నిరాకరించిన ఏ ఉద్యోగి మీదనూ క్రమశిక్షణ చర్య తీసుకొనరాదు. ఇంతకు ముందు తీసుకొన్న చర్యలను ఉపసంహరించాలి.

3. నిర్వహణ పని ఏడాది పొడుగునా ఉండే నిత్యమైన పని. కాంట్రాక్టు కార్మికులను గురించి 1970లో చేసిన చట్టం, పని నిత్యమైనదా కాదా అన్నదానిని గీటురాయిగా గుర్తించినది. దానిని 2020 నాటి కోడులో కలిపివేసినంత మాత్రాన న్యాయం మారదు. ఈ పనికి శాఖాపరమైన పోస్టులు మంజూరు చేసి, ప్రాంతీయ భాషలలో శిక్షణ ఇవ్వాలి.

4. పటాలు, పరీక్షల అంకెలు, పాస్‌వర్డులు మొదటి రోజుననే శాఖకు అప్పగించాలి.

5. కరెంటు పోయినప్పుడు ఏవి ఎన్ని గంటలు నడుస్తాయో ప్రతి పోస్టాఫీసులో లెక్క వేసి, ప్రజలకు కనిపించేటట్లు వ్రాసి ఉంచాలి.

6. గ్రామీణ డాక్ సేవకుల నుండి సోలార్ పరికరాల పేరిట ఎట్టి రికవరీ చేయరాదు. ఆ పరికరాల రక్షణ భారం శాఖదే.

7. కప్పు మీద పనిచేసే ప్రతి కార్మికునికీ, ఎవరి కింద పనిచేసినా సరే, తాడు, తొడుగులు, చట్టబద్ధమైన వేతనం ఇవ్వకుండా పని మొదలు పెట్టరాదు. దీనికి ప్రధాన యజమానియైన శాఖే జవాబుదారీ.

సోదర సోదరీమణులారా! ఈ డిమాండ్లు నెరవేరే వరకు చేయవలసిన పని ఒకటి ఉన్నది, అది నేటి నుండియే మన చేతిలో ఉన్నది. కాగితం మీ ముందుకు వచ్చినప్పుడు తొందరపడవద్దు. మెగ్గర్ అంకె అడగండి. ఎర్త్ అంకె అడగండి. మెయిన్ స్విచ్చు తీసి చూపమనండి. చూపితే సంతోషంగా సంతకం పెట్టండి. మంచి పని జరిగినందుకు కార్మికుని కంటే ఎక్కువగా ఆనందించేవాడు లేడు. చూపకపోతే "నా సమక్షంలో ఏ పరీక్షా జరుగలేదు" అన్న ఐదు మాటలు వ్రాసి, నకలు తీసుకొని, బ్రాంచి కార్యదర్శికి ఆ రోజే అందజేయండి. ఆ ఐదు మాటలు వ్రాసిన ఏ చేతినీ ఇక ఒంటరిగా ఉండనీయమని మేము మాట ఇస్తున్నాము.

సూర్యరశ్మి ఉచితం. కార్మికుని ప్రాణం ఉచితం కాదు.